పేజ్‌మేకర్‌లో తెలుగు పడటం లేదా? ముందు ఆ టిక్కు తీసేయండి

ప్రశ్న: తెనాలిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఒక చిన్న మాసపత్రిక మా పని. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపుకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ రెండూ సీడీలతో కొన్నవే. ఇన్నాళ్లూ 32 బిట్ విండోస్ 10 మీద ఏ పేచీ లేకుండా నడిచాయి. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయంటే ఈమధ్య కొత్త సిస్టమ్ కొని విండోస్ 11 వేయించాను. సిస్టమ్స్ చూసే అబ్బాయి ఏవేవో సెట్టింగులు మార్చి, కంపాటిబిలిటీలో కనిపించిన టిక్కులన్నీ పెట్టి వెళ్లాడు. ఇప్పుడు నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపవుతోంది, పేజ్‌మేకర్‌లో మాత్రం పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. పాత ఫైళ్లు తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ పోయి మధ్యమధ్యలో డబ్బాలు. ప్రూఫు చూసేసిన పేజీల్లో కూడా లైన్లు జరిగిపోతున్నాయి. పీడీఎఫ్ ఎక్స్‌పోర్టు అసలు కావడం లేదు. అందరూ పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌కి మారిపొమ్మంటున్నారు. పాతది నడిపించుకునే దారి ఏదైనా ఉందా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఉందండీ. మీరు రాసిన నాలుగు బాధల్లో పేజ్‌మేకర్ పాతబడటం వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. విండోస్‌లో మూడు చోట్ల పద్ధతి మారింది: ఏ ప్రోగ్రాముకి ఎంత హక్కు, 127 దాటిన అక్షర సంఖ్యలను ఎలా చదవాలి (కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది), ప్రింటర్‌కి ఎవరు దారి చూపాలి. ఈ మూడూ సరిచేసుకుంటే మీ పని మీకు జరుగుతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001 జులైలో. విండోస్ ఎక్స్‌పీ కూడా అప్పటికింకా బజారులోకి రాలేదు. అయినా అది 32 బిట్ ప్రోగ్రామే కాబట్టి 64 బిట్ విండోస్ 11లో నడుస్తుంది. నడవనివి అంతకుముందు తరం 16 బిట్ ప్రోగ్రాములు. అవి మాత్రం ఎన్ని టిక్కులు పెట్టినా లేవవు.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక మాట. పాత సిస్టమ్‌ని ఫార్మాట్ చేయించకండి, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి. దాంట్లోంచి మనకు నాలుగైదు ఫోల్డర్లు కావాలి. మీ పీఎండీ ఫైళ్లన్నీ (పేజ్‌మేకర్‌లో సేవ్ చేసినవి) ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి పక్కన పెట్టండి. కొత్త సిస్టమ్‌లో డబ్బాలు కనిపిస్తున్న ఫైలుని ఆ స్థితిలో సేవ్ చేయకండి. అందులోంచి కట్ చేసి పేస్ట్ చేయడం, టెక్స్ట్ ఎక్స్‌పోర్టు చేయడం కూడా వద్దు. డబ్బా కేవలం తెర మీద కనిపిస్తున్నంతసేపు లోపలి అక్షరం భద్రంగానే ఉంటుంది. ఒకసారి ప్రశ్నార్థకంగా మారి సేవ్ అయిందంటే ఇక తిరిగి రాదు.

ముందు టైపింగ్ సంగతి. నోట్‌ప్యాడ్‌లో తెలుగు పడి పేజ్‌మేకర్‌లో పడలేదంటే అనులో లోపం లేదన్నమాట. ఆ అబ్బాయి పెట్టిన టిక్కుల్లో 'రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' అన్నది తప్పకుండా ఉండి ఉంటుంది. తగువంతా దాంతోనే. అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి కీబోర్డ్ ప్రోగ్రాములు మీరు కొట్టిన కీని దారిలో పట్టుకుని, దాని బదులు తెలుగు ముక్క ఉన్న సంఖ్యను పంపుతాయి. 2007లో విస్టాతో మొదలైన కాపలా పద్ధతి ప్రకారం, మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాము అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచే ప్రోగ్రాము కిటికీలోకి కీలు పంపకూడదు, దానికి వెళ్లే కీలను మధ్యలో పట్టుకోకూడదు. పేజ్‌మేకర్‌ని మీరు పైమెట్టు మీద కూర్చోబెట్టారు, అను కిందిమెట్టు మీద ఉంది. దాంతో మీరు కొట్టిన ఇంగ్లిష్ కీ ఉన్నదున్నట్టు వెళ్లి, ఆ సంఖ్య దగ్గర ఫాంటులో ఏ ముక్క ఉంటే ఆ ముక్క తెర మీద పడుతోంది. మీరు పిచ్చి అక్షరాలంటున్నవి అవే.

పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, అందులో కంపాటిబిలిటీ తెరవండి. అక్కడున్న టిక్కులన్నీ తీసేయండి. కొన్నిసార్లు అడ్మినిస్ట్రేటర్ టిక్కు బూడిదరంగులో ఉండి కదలదు. అప్పుడు కింద 'చేంజ్ సెట్టింగ్స్ ఫర్ ఆల్ యూజర్స్' అనే బటన్ నొక్కండి. అసలు టిక్కు అక్కడ ఉంటుంది, అక్కడ తీయాలి. అను ఐకాన్‌కీ ఇదే పని చేయండి. సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేసి, ముందు అను, తర్వాత పేజ్‌మేకర్ తెరవండి.

రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్‌లోకి వెళ్లండి. పైనున్న నిలువు వరుసల పేర్ల మీద రైట్ క్లిక్ కొట్టి, 'సెలెక్ట్ కాలమ్స్'లో 'ఎలివేటెడ్' అన్నదానికి టిక్ పెట్టండి. అనుకీ పేజ్‌మేకర్‌కీ ఎదురుగా రెండింటికీ 'నో' ఉండాలి. పేజ్‌మేకర్‌కి 'యెస్', అనుకి 'నో' ఉంటే తెలుగు పడదు. అను పాత వెర్షన్ కావడం వల్ల అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకుండా లేవనే లేవకపోతే, అప్పుడు రెండింటికీ ఆ టిక్కు పెట్టండి. 'యెస్' అయినా ఫరవాలేదు, ఇద్దరికీ ఒకటే ఉంటే చాలు.

ఆ అబ్బాయిని తిట్టకండి. పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని ఎవరైనా చెప్పడానికి కారణం ఉంది. ఆ కాలపు ప్రోగ్రాములు తమ సెట్టింగులను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి ఇప్పటి విండోస్ ఒప్పుకోదు. ఊరికే కాదనకుండా, ఆ రాతను గుట్టుగా మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. పేజ్‌మేకర్ సెట్టింగులుండే పీఎం70 సీఎన్‌ఎఫ్ ఫైలుకి ఇలా రెండు ప్రతులు తయారవుతాయి. మామూలుగా తెరిస్తే ఒకటి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఇంకొకటి. నిన్న పెట్టిన ప్రిఫరెన్సులు ఇవాళ లేవని చాలామంది గోల పెట్టేది అందుకే.

దీనికి శాశ్వతమైన మందు ఏమిటంటే, పేజ్‌మేకర్‌ని తీసేసి ప్రోగ్రామ్ ఫైల్స్ బయట మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. సీడీలో ఉన్నదంతా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. సీడీ పెట్టగానే తనంతట లేచే మెనూ కొత్త విండోస్‌లో మొరాయిస్తే, లోపలున్న సెటప్ ఫైలునే నేరుగా అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి (హక్కు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే కావాలి). ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు సి డ్రైవ్‌లో పీఎం7 అని సొంత ఫోల్డర్ చూపించండి. అక్కడైతే రాసుకోవడానికి ఏ అడ్డూ ఉండదు, ఆ టిక్కుతో ఇక పనే లేదు. అలా చేశాక కూడా తెరుచుకోకపోతే, అప్పుడు మాత్రం కంపాటిబిలిటీలో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఒక్కటి ఎంచుకుని చూడండి. కలర్లు తగ్గించడం, 640 బై 480 లాంటివి మాత్రం ముట్టుకోకండి. పేజ్‌మేకర్‌కి వాటితో నిమిత్తం లేదు.

టూల్‌బాక్స్ చీమ తలకాయంత కనిపిస్తుంటే అక్కడే 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్'లో కింది టిక్కు పెట్టి 'సిస్టమ్' ఎంచుకోండి. అక్షరాలు కాస్త మసకగా ఉన్నా పని జరుగుతుంది.

ఇక డబ్బాల సంగతి. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన 256 గళ్లలోనే తలకట్లు, కొమ్ములు, ఒత్తులు, సగం అక్షరాలు ముక్కలు ముక్కలుగా సర్దిపెట్టినవి. విండోస్ దృష్టిలో మీ శుభలేఖలో ఉన్నదంతా ఏదో అర్థం లేని ఇంగ్లిష్. దానికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు మాత్రమే. ఈ ముక్కల్లో చాలా భాగం 127కి పై గళ్లలో ఉంటాయి. ఆ పై గళ్ల అర్థాన్ని విండోస్ మార్చేస్తే కింది గళ్లలోని ముక్కలు బాగానే కనిపిస్తాయి, పై గళ్లలోనివి డబ్బాలవుతాయి. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

తప్పు ఎక్కడుందో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. పాడైన ఫైలుకి ఒక కాపీ తీసి, ఆ కాపీని తెరవండి. ఒక పేరా సెలెక్ట్ చేసి ఫాంటు టైమ్స్ న్యూ రోమన్‌కి మార్చండి. ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు కలగలిపి వస్తే మ్యాటర్ క్షేమం, ఫాంటు ఒక్కటే అందడం లేదు. టైమ్స్‌లో కూడా డబ్బాలూ ప్రశ్నార్థకాలూ వస్తే సంఖ్యలను చదవడంలోనే తేడా ఉంది.

రెండోదైతే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ అట్టడుగున 'అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్' తెరవండి. 'చేంజ్ సిస్టమ్ లొకేల్' నొక్కండి. అక్కడ 'బీటా' అని మొదలై, ప్రపంచ భాషలన్నిటికీ యూనికోడ్ యూటీఎఫ్ 8 వాడమనే గడి ఒకటి కనిపిస్తుంది. ఇంకేదో ప్రోగ్రాములో తెలుగు రావడం లేదని ఎవరో ఒకరు దాన్ని టిక్ చేసి ఉంటారు. తీసేయండి. పైన భాష దగ్గర ఇంగ్లిష్, యునైటెడ్ స్టేట్స్ పెట్టండి. తెలుగు కావాలంటే తెలుగు ఎంచుకోవాలి కదా అనిపిస్తుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. అను ఫాంటు ఇంగ్లిష్ వేషం వేసుకున్న తెలుగు కాబట్టి విండోస్ దాన్ని ఇంగ్లిష్‌గానే చూడాలి. రీస్టార్ట్ చేశాక పాత ఫైలు మళ్లీ తెరిస్తే ఒత్తులు తిరిగి వస్తాయి.

మొదటిదైతే, అంటే ఫాంటు అందకపోతే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. కాకపోతే పద్ధతి మారింది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి, ఫాంటు మీద డబుల్ క్లిక్ కొట్టి ఇన్‌స్టాల్ అంటే అది ఆ యూజర్ ఒక్కరికే పడుతుంది. వేరే హక్కులతో నడిచే ప్రోగ్రాములకూ, కొన్ని పాత ప్రోగ్రాములకూ అది కనిపించకపోవచ్చు. ఫాంట్లన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్, 'షో మోర్ ఆప్షన్స్', 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అనండి. పాత సిస్టమ్‌లో ఏ ఫాంటు ఫైళ్లున్నాయో సరిగ్గా అవే తెచ్చుకోండి. అను వెర్షన్ మారితే ముక్కల అమరికా మారుతుంది. పాత వెర్షన్‌లో కంపోజ్ చేసిన మ్యాటర్‌కి కొత్త వెర్షన్ ఫాంటు వేస్తే తెలుగే కనిపిస్తుంది గానీ చదివితే ఒక్క మాటా తెలుగు కాదు. ఫైలు తెరిచేటప్పుడు ఫాంటు లేదని, బదులు ఇంకోటి వేయనా అని పేజ్‌మేకర్ అడిగితే శాశ్వతంగా మార్చడానికి ఒప్పుకోకండి.

ఇదే కుటుంబంలోని చిన్న చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. మీరింకా రాయలేదు గానీ వారంలో ఎదురవుతాయి. నోట్‌ప్యాడ్ 2019 నుంచి ఫైళ్లను యూటీఎఫ్ 8గా సేవ్ చేస్తోంది. అందులో అను మ్యాటర్ కొట్టి పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేస్తే 127 దాటిన ఒక్కో ముక్క రెండు మూడు ముక్కలవుతుంది. 'సేవ్ యాజ్'లో ఎన్‌కోడింగ్ దగ్గర 'ఆన్సీ' ఎంచుకోండి. పార్టీ (పని ఇచ్చినవాళ్లు) వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది కనుక నేరుగా పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలే వస్తాయి. యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్‌లో వేసి తేవాలి, తెచ్చాక ఒత్తులు ఓసారి ప్రూఫు చూసుకోవాలి. విండోస్ కీబోర్డు కూడా చూడండి. గడియారం పక్కన 'ఇంగ్లిష్ ఇండియా' లేదా తెలుగు కీబోర్డు ఉంటే తీసేసి అమెరికా ఇంగ్లిష్ కీబోర్డు ఒక్కటే ఉంచండి. ఇండియా కీబోర్డులో కుడివైపు ఆల్ట్ కీ వేరే పని చేస్తుంది, రూపాయి గుర్తులాంటివి దాంతో వస్తాయి. మీ వేళ్లకు అలవాటైన కాంబినేషన్లు కొన్ని దాంతో తేడా కొడతాయి.

కొత్త ఇన్‌స్టాల్‌లో పేజ్‌మేకర్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఏ పబ్లికేషనూ తెరవకుండా, ఖాళీ కిటికీ ఉన్నప్పుడే రెండు పనులు చేయండి. ఫైల్, ప్రిఫరెన్సెస్, జనరల్, మోర్ లోకి వెళ్లి 'యూజ్ టైపోగ్రాఫర్స్ కోట్స్'కి టిక్కు ఉంటే తీసేయండి. అది మామూలు కొటేషన్ గుర్తును వంపు కొటేషన్‌గా మారుస్తుంది. ఇంగ్లిష్‌కి అందమే. అనులో మాత్రం ఆ గడిలో ఇంకేదో ముక్క ఉంటుంది, మాట మధ్యలో అది ప్రత్యక్షమవుతుంది. టైప్ మెనూలో హైఫనేషన్ కూడా ఆఫ్ చేయండి. పేజ్‌మేకర్‌కి మీ మ్యాటర్ ఇంగ్లిషే కాబట్టి ఇంగ్లిష్ సూత్రాలతో తెలుగు మాటను ఎక్కడ పడితే అక్కడ విరుస్తుంది. ఖాళీ కిటికీలో పెట్టిన సెట్టింగు ఇకమీదట తెరిచే ప్రతి కొత్త ఫైలుకీ వర్తిస్తుంది. ఫైలు తెరిచి పెడితే ఆ ఒక్కదానికే.

లైన్లు ఎందుకు జరుగుతున్నాయి? పేజ్‌మేకర్ అక్షరాల వెడల్పును తెరను బట్టి కాదు, 'కంపోజ్ టు ప్రింటర్' దగ్గర ఏ ప్రింటర్ ఉంటే దాన్ని బట్టి లెక్కగడుతుంది. ఆ ప్రింటర్ మారితే లెక్క మారుతుంది. ఒక్కో లైనులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక మాట కింది లైనుకి దిగుతుంది, పేరా ఒక లైను పెరుగుతుంది, చివరికి పత్రికలో ఆఖరి పేజీ మ్యాటర్ బయటికి పొర్లుతుంది. విండోస్ 11లో ప్రింటర్ల పేజీలో 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. పొద్దున లేజర్ మీద ట్రేసింగ్ తీశారు, మధ్యాహ్నం ఎవరిదో ఆధార్ కార్డు కలర్ ప్రింటర్ మీద కొట్టారు, సాయంత్రానికి పత్రికలో లైన్లు జరిగాయి. దాన్ని ఆఫ్ చేసి, ఒక ప్రింటర్‌ని మీ చేత్తో డిఫాల్ట్ చేయండి. తర్వాత ఒక్కో ఫైలులో ఫైల్, డాక్యుమెంట్ సెటప్ తెరిచి, 'కంపోజ్ టు ప్రింటర్' దగ్గర ఎప్పటికీ ఉండే ఒకే పేరు పెట్టండి. కింద చెప్పబోయే పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కి వివరించే భాష) ప్రింటర్ దీనికి బాగా పనికొస్తుంది. అది కాగితం ప్రింటర్ కాదు గనక చెడిపోవడం, మార్చడం ఉండదు. ఇప్పటికే జరిగిన పేజీలను మాత్రం ఒకసారి కళ్లతో చూసి సరిచేయక తప్పదు.

పీడీఎఫ్ ఎక్కడ ఆగిందంటే, పేజ్‌మేకర్ తనంతట పీడీఎఫ్ తయారు చేయలేదు. పోస్ట్‌స్క్రిప్ట్ రాసి డిస్టిలర్‌కి (అక్రోబాట్‌తో వచ్చే పీడీఎఫ్ తయారీ ప్రోగ్రాము) అప్పగిస్తుంది, ఆ మధ్యలో ఒక ప్రింటర్ డ్రైవర్ కావాలి. 64 బిట్ విండోస్‌లో డ్రైవర్ కూడా 64 బిట్‌దే అయి ఉండాలి. పాత అక్రోబాట్ వేసిన 32 బిట్ ప్రింటర్ ఇక్కడ లేవదు. కాబట్టి విండోస్‌లో ఉన్న పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌నే వాడుకుందాం.

ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో 'యాడ్ డివైస్' నొక్కి కాసేపు ఆగితే, చేత్తో కలుపుకునే వీలు కింద కనిపిస్తుంది. అందులో లోకల్ ప్రింటర్, మాన్యువల్ సెట్టింగ్స్ ఎంచుకోండి. పోర్టు దగ్గర 'ఫైల్: ప్రింట్ టు ఫైల్' ఎంచుకోండి. తయారీదారుల జాబితాలో 'జెనరిక్', దాని కింద 'ఎంఎస్ పబ్లిషర్ ఇమేజ్‌సెట్టర్' తీసుకోండి. ఇది సొంత కాగితం సైజులు కూడా ఒప్పుకుంటుంది కాబట్టి శుభలేఖల కొలతలకు ఇబ్బంది ఉండదు. ప్రింటర్ కలపడానికే విండోస్ ఒప్పుకోకపోతే అదే పేజీలో 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' ఆన్‌లో ఉందేమో చూడండి. 24హెచ్2 వెర్షన్‌తో వచ్చిన ఆ కాపలా ఆన్‌లో ఉంటే పాత తరహా డ్రైవర్లు పనిచేయవు.

తర్వాత పీపీడీ ఫైళ్లు, అంటే ఒక్కో ప్రింటర్ వివరాలు పేజ్‌మేకర్‌కి చెప్పేవి. పాత సిస్టమ్‌లో పేజ్‌మేకర్ ఫోల్డర్ తెరిచి ఆర్‌ఎస్‌ఆర్‌సీ, దానిలో యూఎస్ ఇంగ్లిష్, దానిలో పీపీడీ4 ఫోల్డర్‌కి వెళ్లండి (యూఎస్ ఇంగ్లిష్ అన్న పేరులో 'ఐ' అక్షరం ఉండదు, వెతికేటప్పుడు పొరబడకండి). ఆ పీపీడీ4లోని ఫైళ్లన్నీ కొత్త సిస్టమ్‌లో అదే చోట వేయండి. ఇన్నాళ్లూ మీకు పీడీఎఫ్ ఇచ్చిన డిస్టిలర్ పీపీడీ వాటితోపాటే వచ్చేస్తుంది. ఇప్పుడు పేజ్‌మేకర్‌లో ప్రింట్ కొట్టి కొత్త ప్రింటర్‌నీ, పీపీడీ దగ్గర డిస్టిలర్‌నీ ఎంచుకోండి. పేపర్ బటన్‌లో కొలత సరిచూసుకుని, ఆప్షన్స్‌లో 'రైట్ పోస్ట్‌స్క్రిప్ట్ టు ఫైల్'కి టిక్ పెట్టి సేవ్ చేయండి. వచ్చిన పీఎస్ ఫైలుని డిస్టిలర్‌లో వేస్తే పీడీఎఫ్ అవుతుంది. డిస్టిలర్ నడవకపోతే గోస్ట్‌స్క్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది, ఇదే పని చేస్తుంది.

ఇంత తిప్పలెందుకు, 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఉంది కదా అంటారేమో. పార్టీకి వాట్సాప్‌లో ప్రూఫు పంపడానికి అది చాలు. ప్రెస్సుకి పంపడానికి వద్దు. అది పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ కాదు. మీరు ప్లేస్ చేసిన ఈపీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన) బొమ్మలకు అసలు రూపం కాకుండా తెర మీద కనిపించే నాసిరకం నమూనా వెళుతుంది. గణపతి బొమ్మ పళ్లు పళ్లుగా అచ్చవుతుంది. నాలుగు రంగుల సెపరేషన్లు కూడా రావు. ఏ దారిన చేసినా ప్రెస్సుకి పంపే ముందు పీడీఎఫ్‌ని రీడర్‌లో తెరిచి ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ చూడండి. ప్రతి అను ఫాంటు పక్కనా 'ఎంబెడెడ్' అనో 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో ఉండాలి. లేకపోతే ప్రెస్సువాళ్ల సిస్టమ్‌లో మీ తెలుగు మళ్లీ ఇంగ్లిష్ అవతారం ఎత్తుతుంది.

బొమ్మల లింకులు కూడా ఒకసారి చూసుకోండి. పాత సిస్టమ్‌లో బొమ్మలు 'ఈ' (E) డ్రైవ్‌లో ఉండి కొత్తదాంట్లో డి డ్రైవ్‌లోకి వచ్చాయంటే పేజ్‌మేకర్‌కి అవి దొరకవు. ఫైల్ మెనూలో లింక్స్ మేనేజర్ తెరిస్తే పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. వందల ఫైళ్లలో లింకులు మార్చుకుంటూ కూర్చోకుండా, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ అక్షరాన్నే పాతదానికి మార్చేయండి.

మీ అను ప్యాకేజీకి డాంగిల్ (సిస్టమ్‌కి తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే తాళం ముక్క) ఉందో లేదో రాయలేదు. యూఎస్‌బీ డాంగిల్ అయితే దాని తయారీదారు ఇచ్చే 64 బిట్ డ్రైవర్ కావాలి, సీడీలోని పాత డ్రైవర్ ఎక్కదు. పాత ప్రింటర్ పోర్టుకి తగిలించే రకమైతే బజారులో దొరికే యూఎస్‌బీ నుంచి పారలల్ కేబుల్ కొని డబ్బు పోగొట్టుకోకండి. అది ప్రింటర్లతో మాట్లాడగలదే గానీ డాంగిల్‌తో కాదు.

ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో 'ఇన్‌స్టాల్ అక్కర్లేని పేజ్‌మేకర్' తెచ్చిస్తామంటే వద్దనండి. యాంటీవైరస్ ఆపేస్తేనే నడిచే ప్రోగ్రాము పార్టీల ఆధార్ కార్డులూ ఫోటోలూ ఉండే సిస్టమ్‌లో ఉండకూడదు.

ఇవన్నీ చేసినా అను గానీ డాంగిల్ గానీ మొండికేస్తే చివరి దారి వర్చువల్ మెషీన్, అంటే మీ సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్ నడపడం. వర్చువల్‌బాక్స్ ఉచితం, విండోస్ 11 హోమ్‌లో కూడా నడుస్తుంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి. అందులో మీ దగ్గర లైసెన్సు ఉన్న 32 బిట్ విండోస్ 7 వేసి, 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ ఇవ్వండి. నెట్‌వర్క్ పూర్తిగా తీసేయండి. విండోస్ 7కి 2020 జనవరితోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ చూపించకూడదు. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ ఒకటి చాలు. అంతా కుదిరాక ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. రేపు ఏది పాడైనా ఐదు నిమిషాల్లో ఆ రోజుకి వెనక్కి వెళ్లవచ్చు.

ఇన్‌డిజైన్‌కి మారడం మారకపోవడం మీ ఇష్టం. శుభలేఖలకూ కరపత్రాలకూ మీ చేతిలో ఉన్నది చాలు. మాసపత్రిక విషయంలో మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. పీఎండీ ఫైళ్లను తెరవగలిగింది ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే, ఆ తర్వాత వచ్చినవి తెరవవు. పాత సంచికలు ఎప్పటికైనా కావాలనుకుంటే పీఎండీతోపాటు ఫాంట్లు ఎంబెడ్ అయిన పీడీఎఫ్ కూడా ఒకటి తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. అలాగే ఆ రెండు సీడీలనూ ఈ వారంలోనే ఐఎస్‌ఓ ఫైళ్లుగా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కవరు మీది సీరియల్ నంబరుకి ఫోటో తీసుకోండి. కొత్త సిస్టమ్‌లో సీడీ డ్రైవ్ లేకపోతే పాత సిస్టమ్‌లోనే ఆ పని చేయండి, అది ఇంకా ఆన్ అవుతుండగానే.